పడవ కదిలింది అక్క దిగినందుకు కాదు

మా కాలవ గట్టు ఊళ్ళలో నా వయసు వాళ్ళని ఎవర్నడిగినా ఒక కథ చెబుతారు. పొగపడవ వచ్చిన కొత్తల్లో ఒక విధవ అందరికన్నా ముందు ఎక్కి కూర్చుందట. మర టక్కుమని ఊరుకుందట. ఎంత ఆవిరి పెట్టినా కదల్లేదట. ఆవిడ దిగి గట్టు మీద కాలు పెట్టగానే పడవ దానంతటదే బయల్దేరిందట. చెప్పేవాడి చమత్కారాన్ని బట్టి కథకు తోకలు మొలుస్తుంటాయి. కొందరు మర ఏడ్చిందంటారు. కొందరు బాయిలరులో నీళ్ళు రక్తంలా ఎర్రబడ్డాయంటారు. నీళ్ళు ఎర్రగా ఉన్నమాట నిజమే. గోదావరి కొత్తనీరు కాలవలోకి వచ్చిన వారం అది. ఆ వారం అందరి బిందెల్లోనూ నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

ఆ విధవ మా అక్క. ఆ మర నడిపిన డ్రైవరుని నేను.

మా ఇంట్లో ఇంకో కథ చెప్పుకుంటారు. పడవలో ఉన్న పెళ్ళివారి మంచి కోరి, ఎవరూ అడక్కుండానే అక్క తనంతట తాను దిగిపోయిందని. ఇది ఊరి కథ కన్నా పెద్ద అబద్ధం. వినటానికి మర్యాదగా ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలిచింది. ఆమెను దిగమన్నది నేను. ఈ రెండు కథలు విన్నప్పుడల్లా తలూపుతూ, లేకపోతే వక్క నములుతూ ఊరుకుని ముసలివాణ్ణయ్యాను. ఇక ఊరుకోను. పడవ ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో నాకన్నా తెలిసినవాడు ఈ జిల్లాలో లేడు. నమ్మేవాళ్ళు నమ్మండి, లేనివాళ్ళు మీ తోకల కథే చెప్పుకోండి. కానీ ఇకమీదట నా ఎదురుగా చెప్పకండి.

మాది ఇనుము పని చేసే ఇల్లు. మా నాన్న నాగళ్ళకు కర్రులు వేసేవాడు. నన్ను ధవళేశ్వరం పంపి మర పని నేర్పించాడు. అక్కకు చిన్నప్పుడే పెళ్ళయింది, కాపురానికి వెళ్ళకముందే బావ పోయాడు. జుట్టు తీయించారు, తెల్ల చీర కట్టించారు, ఇంట్లో ఒక మూల చూపించారు. ఆ మూలలో కూర్చుని ఆమె నా పాఠాలన్నీ నాకన్నా ముందు నేర్చుకుంది. నేను లెక్క తప్పితే మజ్జిగ చిలుకుతూనే దిద్దేది. తర్వాత తర్వాత ఇరుగుపొరుగు ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించటం మొదలుపెట్టింది. ఆ సంగతి ఎలా తెలిసిందో, రాజమండ్రిలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడివాళ్ళు కబురు చేశారు, పంతులమ్మగా వస్తుందా అని. బడి తెరిచే నాటికి వచ్చి చేరాలి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం అన్నారు. మా నాన్న ఔననలేదు, కాదనలేదు. ఆయన అలా మాట్లాడకుండా ఉన్నప్పుడే వెళ్ళిపోవాలని అక్కకు తెలుసు. బడి తెరవటానికి ముందురోజు నా పడవలో బయల్దేరింది. ఆ రోజు తప్పితే ఆమెకు మళ్ళీ ఆ మూలే.

ఇప్పుడు పడవ సంగతి.

కాలవలు ప్రతి ఎండాకాలం కట్టేస్తారు. నీళ్ళు తగ్గి అడుగున బురద ఎండి నెర్రెలు విచ్చుకుంటుంది. పడవలు ఎక్కడివక్కడ ఒరిగిపోతాయి. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా పడవలవాళ్ళకు పని ఉండదు. మా పొగపడవ కూడా ఆ ఏడు మా రేవులోనే ఎండలో పడుకుంది. ఇంజను నుంచి ఒక ఇనప ఇరుసు పడవ వెనక్కి పోయి, చెక్కకున్న రంధ్రంలోంచి నీళ్ళలోకి దిగుతుంది. దాని చివర రెక్కలుంటాయి. ఆ రంధ్రంలోంచి కాలవ నీళ్ళు లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ జనపతాడు కుక్కి, పైన ఇత్తడి కట్టు వేసి మరలతో, అంటే మరమేకులతో, బిగిస్తారు. దాన్ని గ్లాండు అంటారు. ఆ తాడుకు కొవ్వు పూయాలి. ధవళేశ్వరంలో నాకు నేర్పింది అదే.

కానీ మా పడవెక్కేది గుళ్ళకు పోయేవాళ్ళు, పెళ్ళివాళ్ళు, మడి కట్టుకున్న ముసలమ్మలు. పొగపడవ కొవ్వు తాగి నడుస్తుందని, అది ఏ కొవ్వో దేవుడికే తెలియాలని ఎవరో పుట్టించారు. మనుషులు ఎక్కటం తగ్గింది. యజమాని నన్ను పిలిచి, పడవలో కొవ్వనే మాట వినపడకూడదన్నాడు. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఎద్దుబండి ఇరుసుకు కందెన వేస్తాం కదా, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి. బండి ఇరుసుకు పనికొచ్చింది పడవ ఇరుసుకు ఎందుకు పనికిరాదు? అందరి ఎదురుగా జనపతాడును కందెనలో ముంచి కుక్కాను. యజమాని మెచ్చుకున్నాడు. ముసలమ్మలు మళ్ళీ ఎక్కారు. బండి ఇరుసుకు రోజూ కొత్త కందెన వేస్తామని, పాతది గీకి పారేస్తామని నాకు తోచలేదు. ఆ కందెన ఎండాకాలమంతా ఇనప ఇరుసు చుట్టూ ఎండలో కాగి, జిగురై, గట్టిపడి కూర్చుంది.

నీళ్ళు వదిలారు. పడవ తేలింది. గ్లాండు దగ్గర సన్నగా నీళ్ళు కారుతుంటే మరలు గట్టిగా బిగించాను. కారటం ఆగింది. ఎంత బాగా బిగించానో అనుకున్నాను. కొద్దిగా కారితేనే ఇరుసు తిరుగుతుందని తెలిసినవాణ్ణే. కానీ ఎండాకాలమంతా ఖాళీగా కూర్చున్నవాడికి పని దొరికితే కాస్త ఎక్కువే చేస్తాడు. రాత్రంతా జనపతాడు నీళ్ళు తాగి ఉబ్బింది.

తెల్లారేసరికి నేను వెళ్ళి నిప్పు రాజెయ్యాలి కాబట్టి అక్క నాతోపాటే వచ్చింది. చిన్న మూట పక్కన పెట్టుకుని పడవ ముందుభాగంలో కూర్చుంది. అందరికన్నా ముందు ఎక్కిందంటారే, అందులో ఉన్న విశేషం ఇంతే. డ్రైవరు అక్కగారు డ్రైవరుతో వచ్చింది.

ఎండెక్కేసరికి పెళ్ళివారు వచ్చారు. మగపెళ్ళివారు. రాజమండ్రి అవతల పెళ్ళి. సన్నాయి మేళం, గంపలు, పసుపు బట్టల మూటలు, కళ్ళకు కాటుక పెట్టిన పెళ్ళికొడుకు. వాళ్ళలో పెద్దాయన ఒకడు, పచ్చటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పడవలో కాలు పెడుతూనే ముందు కూర్చున్న తెల్ల చీర చూసి ఒక్క క్షణం ఆగాడు. అందరూ ఎక్కారు. టిక్కెట్లు చూసే గుమాస్తా తాళ్ళు విప్పించాడు. నేను ఆవిరి పిడి తిప్పాను.

టక్.

అంతే. ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. పిడి మూసి మళ్ళీ తిప్పాను. టక్. లోపల ఎవరో తలుపు గడియ వేసుకున్నట్టు.

మర ఆగిపోతే వెతకటానికి ఒక వరస ఉంది. నిప్పు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ దాకా రావాలి. మధ్యలో దేన్నీ దాటకూడదు. నిప్పు చూశాను, కణకణలాడుతోంది. ఆవిరి చూశాను, ముల్లు ఉండాల్సిన చోట ఉంది. పిస్టను ఉన్న గొట్టంలో నీళ్ళు చేరితే ఇలాగే ఆగుతుంది, కింద బిరడాలు తీశాను. నీళ్ళు రాలేదు, పొడి ఆవిరి బుస్సున వచ్చింది. దగ్గరున్న పిల్లలు కెవ్వుమన్నారు. ఒక్కోసారి పిస్టను సరిగ్గా చివరన ఆగి, ఎటూ తోయలేని స్థితిలో ఉంటుంది. అప్పుడు చేత్తో కాస్త తిప్పి ఇస్తే పోతుంది. గునపం పెట్టి పెద్ద చక్రాన్ని తిప్పబోయాను. వేలెడు కదిలి టక్కుమంది. ఇటు తిప్పాను. వేలెడు కదిలి టక్.

ఈ లోపల పెళ్ళిపెద్ద గుమాస్తా దగ్గరకు వచ్చాడు. ఆయన మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. మేమేమీ అనటం లేదండి, మాకు అలాంటి పట్టింపులు లేవు, అయినా శుభమా అని పోతున్నాం కదా, ఆ అమ్మాయిని కాసేపు గట్టు మీద కూర్చోమంటే పోలా, అని. గుమాస్తా నావైపు చూశాడు. నేను చక్రం వైపు చూశాను.

రెండు వైపులా వేలెడు కదులుతోంది అంటే ఇంజను బిగుసుకుపోలేదు. ఇంజను ఇరుసునీ పడవ ఇరుసునీ ఒక సీలతో కలుపుతారు. ఆ సీల దాని బెజ్జంలో కాస్త వదులుగా ఉంటుంది. ఇంజను ఆ వదులు మేరకు కదిలి, అవతలి ఇరుసును గుద్దుకుని ఆగిపోతోంది. ఆ టక్ అదే. సీల కొట్టి తీసేశాను. చక్రం తిప్పితే గిరగిరా తిరిగింది. ఇంజనులో ఏ దోషమూ లేదు. ఉన్న దోషం సీలకు అవతల, అంటే ఇరుసులోనో, నీళ్ళలో ఉన్న రెక్కల్లోనో ఉంది. కాలవలో దిగి మునిగి రెక్కలు తడిమి చూశాను. తాడు గానీ కర్ర గానీ చుట్టుకోలేదు. పైకి వచ్చి తడి బట్టలతోనే గ్లాండు ముందు కూర్చున్నాను. మిగిలింది అదొక్కటే. వేలు పెట్టి చూస్తే అంచున కందెన నల్లటి లక్కలా గోటికి కూడా రాలేదు.

నాకు తెలిసిపోయింది. ఎవరి తప్పో కూడా తెలిసిపోయింది.

నేను నీళ్ళలో ఉన్నంతసేపూ పడవలో మాటలు పెరిగాయి. పెళ్ళిపెద్ద ఈసారి గుమాస్తాతో కాదు, అక్కతోనే అంటున్నాడు.

"నిన్ను మేం ఏమీ అనటం లేదమ్మా. మనుషులం సర్దుకుంటాం. మరకి తెలుస్తుంది కదా."

అక్క తల తిప్పి చూసింది. "మరకి కళ్ళెక్కడున్నాయో చూపించండి బాబయ్యగారూ, వెళ్ళి మూసి వస్తాను."

ఎవరో నవ్వారు. నవ్వినవాణ్ణి పక్కనున్నవాడు గద్దించాడు. పెళ్ళికొడుకు తల్లి కాబోలు, ముహూర్తం దాటిపోతే ఎవరిది పూచీ అని ఏడుపు గొంతుతో అంది. గుమాస్తా నా దగ్గరకు వచ్చి వంగి, మీ అక్కగారే కదయ్యా, నువ్వొక మాట చెప్పు, అన్నాడు.

నేను బాయిలరు నుంచి వేడినీళ్ళు పట్టి గ్లాండు మీద పోస్తున్నాను. జిగురు మెత్తబడాలి. మరలు వదులు చెయ్యాలి. దానికి కాస్త వ్యవధి కావాలి, వెనకాల గోల లేకుండా ఉండాలి. నాకు కావలసింది అంతే. అంతే అనుకున్నాను. ముందుకు వెళ్ళి అక్క పక్కన వంగి, ఒక్క క్షణం దిగమన్నాను. దోషం దొరికిందన్నాను. వీళ్ళ నోళ్ళు మూతపడితే చాలు, మళ్ళీ ఎక్కుదువుగాని అన్నాను.

"దిగాక కదిలితే?" అంది.

"నేను చెబుతానుగా. గ్లాండు బిగుసుకుపోయిందని అందరికీ చెబుతాను."

"కదిలాక నీ మాట ఎవడు వింటాడురా?"

ఆమె నా మొహం కాసేపు చూసింది. తర్వాత చెంగు బొడ్లో దోపుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గట్టు మీదకు దిగింది. మూట పడవలోనే వదిలింది. మళ్ళీ ఎక్కుతానని, నా మాట మీద ఆమెకు అంత నమ్మకం.

మరలు వదులు చేశాను. మళ్ళీ వేడినీళ్ళు పోశాను. సీల పెట్టి పిడి తిప్పాను. ఇరుసు ఒక్కసారి కిర్రుమని తిరిగింది. రెక్కలు నీళ్ళు చిమ్మాయి. పడవ రేవు వదిలింది.

సన్నాయి మేళం లేచింది. డోలు వాయించేవాడు నిలబడి వాయించాడు. ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. గ్లాండు బిగుసుకుపోయింది, కందెన గట్టిపడింది, అని నేను అరిచాను. నా ముందున్న మనిషి నవ్వుతూ తలూపాడు, నేను కూడా సంతోషంతో అరుస్తున్నాననుకుని. గుమాస్తా నా చెవి దగ్గర నోరు పెట్టి, కదిలిందాన్ని ఆపకు, మళ్ళీ ఆగితే నా ప్రాణం తీస్తారు, అన్నాడు. అక్క గట్టు మీద నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు, కేకెయ్యలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. పిడి నా చేతిలో ఉంది. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పెళ్ళివారూ కాదు, గుమాస్తా కూడా కాదు. మూస్తే పడవ ఆగేది. నేను మూయలేదు. ఊరి కథలో ఇంతవరకూ జరిగింది జరిగినట్టే ఉంటుంది, కారణం ఒక్కటే మారుతుంది. ఇక్కడితో వాళ్ళ కథ అయిపోతుంది. నిజానికి అసలు సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మా రేవుకు రెండు మైళ్ళ ఎగువన లాకు ఉంది. ఆ రోజు పైనుంచి ధాన్యం పడవలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఒక్కోదాన్ని లాకులో పెట్టి, తలుపులు మూసి, నీళ్ళు తీసి కిందికి వదలాలి. మా వంతు వచ్చేదాకా కింద నీళ్ళలో కాచుకోక తప్పదు. పెళ్ళివారు గట్టెక్కి ఫలహారాల మూటలు విప్పారు. అప్పటికే కథ తయారైపోయింది. లాకు దగ్గర పనిచేసే లస్కర్లకు పెళ్ళిపెద్ద చెబుతున్నాడు, ఎలా టక్కుమందో, ఎలా కదిలిందో. నేను ఇంజను పక్కన కూర్చుని అక్క మూట చూస్తున్నాను. వెనక్కి తిప్పుకుని పోదామా అంటే అంత పొడుగు పడవ అక్కడ తిరగదు. పరుగెత్తుకుంటూ పోయి తీసుకొద్దామా అంటే నిప్పు వదిలి పోకూడదు. నిజం చెప్పాలంటే, ఇవన్నీ వెతుక్కుంటే దొరికిన కారణాలు.

అప్పుడు కనిపించింది. పడవలు లాగేవాళ్ళు నడిచే గట్టు మీద, ఎండలో, తెల్ల చీర. మోకాళ్ళ దాకా రేగడి బురద. ఆమె వేగం తగ్గించలేదు, పెంచలేదు. వచ్చి లాకు గోడ మీద నిలబడి ఒక లస్కరుని నీళ్ళు అడిగింది. దోసిట పోస్తే తాగి మొహం కడుక్కుంది. నేను దిగి దగ్గరకు వెళ్ళాను. రా అక్కా, ఎక్కు, అన్నాను.

"ఎక్కను. ముందు ఆ గ్లాండు మళ్ళీ బిగించు."

నాకు అర్థం కాలేదు.

"పొద్దున ఎంత బిగించావో అంత బిగించు. నేను ఇక్కడే, గట్టు మీదే ఉంటాను. అప్పుడు కదులుతుందో లేదో వీళ్ళంతా చూడనీ. తర్వాత వదులు చెయ్యి. అప్పుడు ఎక్కుతాను."

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. నడుస్తున్న మరను చేజేతులా ఆపుతావా, ఇరుసు గీసుకుపోతే యజమానికి ఎవరు చెబుతారు, అని మొదలుపెట్టాడు. నేనే చెబుతానన్నాను. పొద్దున రాని గొంతు అప్పుడు వచ్చింది. ఆలస్యంగా వచ్చిందని నాకు తెలుసు, అయినా వచ్చింది. పెళ్ళివారిని పిలిచాను. దిగి చూడండి అన్నాను. ధాన్యం పడవలవాళ్ళు కూడా పోగయ్యారు, ఊరికే దొరికిన వినోదం కదా.

మరలు బిగించాను. పిడి తిప్పాను.

పడవ కదిలింది.

వేడి తగిలిన కందెన ఇంకా మెత్తగానే ఉంది. ఇరుసు మూలిగింది కానీ తిరిగింది. పడవ రెండు బారలు ముందుకు పోయింది. గట్టు మీద నవ్వులు లేచాయి. పెళ్ళిపెద్ద చేతులు చాపి, చూశారా, ఆ అమ్మాయి నేల మీద ఉంటే బిగించినా ఆగదు, అన్నాడు. నా చెవులు మండిపోయాయి. ఉన్న కాస్త పరువూ నేనే ముంచాననుకున్నాను. అక్క వైపు చూశాను.

"ఇంకా," అంది.

ఇంకా బిగిస్తే మరలు తెగొచ్చు. తెగితే ఆ రంధ్రంలోంచి కాలవ పడవలోకి వస్తుంది. ఇరుసు మీద గీత పడటం మాత్రం ఖాయం. పానా పిడికి గొట్టం తగిలించి, కాలు పడవ చెక్కకు తన్ని పెట్టి లాగాను. ఇత్తడి కట్టు మూలిగింది. చన్నీళ్ళు పోసి చల్లార్చాను. మళ్ళీ లాగాను. పిడి తిప్పాను.

టక్.

ఆ చప్పుడు లాకు గోడలకు తగిలి ఇంకా పెద్దగా వినిపించింది. పొద్దున పడవలో ఉన్న ప్రతి మనిషీ దాన్ని గుర్తుపట్టాడు. మూసి మళ్ళీ తిప్పాను. టక్. అక్క గోడ మీద నిలబడి ఉంది, పడవకు దూరంగా.

దోసిట నీళ్ళు పోసిన లస్కరు పెళ్ళిపెద్ద వైపు తిరిగి, చాలా వినయంగా అడిగాడు.

"ఇప్పుడెవర్ని దించమంటారండీ?"

ధాన్యం పడవలవాళ్ళు పడీపడీ నవ్వారు. పెళ్ళిపెద్ద అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. గట్టు మీద ఉంటే మాత్రం ఏం లాభం, పడవ వైపే చూస్తోందిగా, అన్నాడు. అక్క లాకు కాపలావాళ్ళ గుడిసె వెనక్కి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి ఆమె గొంతు వచ్చింది, ఇప్పుడు తిప్పరా అని. తిప్పాను. టక్. గుడిసె వెనక నుంచి ఇంకోసారి, మళ్ళీ తిప్పు అని. టక్.

పడవలోనే కూర్చుండిపోయిన ఒక ముసలమ్మ, పెళ్ళివారి మనిషే, అప్పటిదాకా తులసి పూసలు తిప్పుకుంటూ నోరెత్తనిది, ఆమె అంది: "ఇక చాలు నాయనా, వదులు చెయ్యి. ఎండెక్కిపోతోంది. ఏమ్మాయ్, రా, వచ్చి నా పక్కన కూర్చో."

మరలు వదులు చేశాను, ఈసారి చుక్క చుక్క నీళ్ళు కారేంత. వేడినీళ్ళు పోశాను. పిడి మీద చెయ్యి వేశాను కానీ తిప్పలేదు. అక్క వచ్చి పడవెక్కి, పొద్దున కూర్చున్న చోటే, అందరికన్నా ముందు, అందరికీ కనపడేలా నిలబడింది. అప్పుడు తిప్పాను. పడవ కదిలింది. మేళం వాయించలేదు. ఇంజను చప్పుడు, రెక్కల కింద నీళ్ళ చప్పుడు, అంతే. నా జీవితంలో అంత మంచి చప్పుడు మళ్ళీ వినలేదు.

లాకు దాటి పైకి వెళ్ళాక అక్క ముసలమ్మ పక్కన కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి ఇటు తిరిగి కూర్చోలేదు, అటూ తిరగలేదు. పెళ్ళిపెద్ద ధవళేశ్వరం దాకా నిద్రపోయాడు, లేకపోతే కళ్ళు మూసుకున్నాడు. ఆ పెళ్ళి సలక్షణంగా జరిగిందని, ఆ దంపతులకు ఇప్పుడు మనవలని విన్నాను. ఆ మనవలకు కూడా వాళ్ళు రేవు దగ్గరి కథే చెబుతారు. లాకు దగ్గరి సంగతి ఒక్కరూ చెప్పరు. అంతమంది చూశారు. అంతమంది చెవులతో విన్నారు. ఇళ్ళకు వెళ్ళేసరికి సగం కథ కాలవలో పారేసి వెళ్ళారు. ఇదేం మాయో నాకు తెలియదు. మర చెడిపోతే ఎక్కడ చెడిందో వెతికి పట్టగలను. మనుషుల్లో ఇది ఎక్కడ చెడుతుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇరుసు మీద గీత పడింది. యజమాని చూసి నన్ను పనిలోంచి తీసేశాడు. ఆ గీత నేను కావాలనే పెట్టానని ఆయన ముందే చెప్పాను, మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ పెడతానని కూడా చెప్పాను. ఇంకోచోట పని దొరికింది. దానికి నేను ఎన్నడూ విచారించలేదు. విచారం వేరే ఉంది. అది పొద్దున రేవులో మూయని పిడి గురించి. అది నాతోనే ఉంటుంది, దాన్ని తీసెయ్యమని ఎవర్నీ అడగటం లేదు.

ఆ మధ్యాహ్నం పడవలో ఆమె కాళ్ళు చూశాను. గట్టు మీది ముళ్ళకు చీరుకుపోయాయి. తప్పయిపోయింది అక్కా అన్నాను. ఆమె బురద గీక్కుంటూ, తల ఎత్తకుండా అంది.

"ఇదేదో రేవులోనే బిగించి చూపించి ఉంటే నా కాళ్ళు మిగిలేవి కదరా."

అంతకు మించి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ధవళేశ్వరం చేరేసరికి పొద్దుగూకింది. అక్కడ తెలిసినవాళ్ళింట పడుకుని, తెల్లవారుతూనే బండి కట్టించుకుని రాజమండ్రి వెళ్ళాం. బడి తలుపులు అప్పుడే తీస్తున్నారు. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చున్నారు, కొందరు ఏడుస్తున్నారు. బడి చూసుకునే పెద్దావిడ అక్కను చూసి, గుడ్డలు చుట్టిన ఆ కాళ్ళు చూసి, దారిలో ఏమైందమ్మా అని అడిగింది. నేను చెప్పబోయాను.

"ఏమీ లేదండి," అంది అక్క. "పడవ కదలకపోతే బాగు చేయించాల్సి వచ్చింది."

చెప్పులు లేని ఆ కాళ్ళతో లోపలికి నడిచి, దగ్గరలో ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చుని పలక చేతికి తీసుకుంది.